పరీక్ష ముందు పుట్టింది, పాఠం తర్వాత వచ్చింది

అడ్మిషన్ల రోజుల్లో ఒక పొద్దున్న వాల్యుయేషన్ డ్యూటీ ఉండి శ్రీకాకుళం యూనివర్సిటీ ఉన్న ఎచ్చెర్లలో బస్సు దిగాను. హైవే దాటుతుంటే వెనక నుంచి ఒక పెద్దాయన పిలిచాడు. పంచె, తెల్ల చొక్కా, చేతిలో ప్లాస్టిక్ కవరు. టెన్త్ నుంచి డిగ్రీ దాకా కాగితాలన్నీ జెరాక్సులతో సహా అందులోనే ఉన్నాయి. పక్కన కూతురు. మందస దగ్గర ఊరట. అమ్మాయికి పీజీ సీటు వచ్చింది, చేర్పించడానికి వచ్చారు. దారి చూపిస్తూ కలిసి నడుస్తున్నాను. ఆయన చుట్టూ ఒకసారి చూసి అడిగాడు.

"ఇదీ కాలేజీయే గదేటి బావూ. మరి యూనివర్సిటీ అనీసి ఎందుకంతన్నారు?"

"పెద్ద కాలేజీ అన్నమాట బాబాయ్" అన్నాను. అంటున్నప్పుడే తెలుసు, అది జవాబు కాదని. నడిచే దూరం ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాల్లో చెప్పలేకపోయింది ఇక్కడ చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ఆయన అడిగింది చిన్న ప్రశ్నేమీ కాదు. యూనివర్సిటీలో చేరిన పిల్లలు మొదటి ఏడాది పడే అవస్థలో సగం ఈ తేడా తెలియకే. రిజల్ట్ ఇంత లేటెందుకు? పాఠం చెప్పిన సారు నా పేపరు ఎందుకు దిద్దలేదు? డిపార్ట్‌మెంట్ హెడ్ (హెచ్‌ఓడీ) సంతకం పెట్టినా ఫైలు ఎందుకు కదలదు? పోయిన సెమిస్టర్‌లో ఉన్న మేడమ్ ఈ సెమిస్టర్‌లో ఎందుకు లేరు? వేటికవే విడి ఫిర్యాదుల్లా కనిపిస్తాయి కానీ, తీగ లాగితే చాలావరకు ఒకే డొంక కదులుతుంది. మన దేశంలో యూనివర్సిటీ చదువు చెప్పడానికి పుట్టలేదు. పరీక్ష పెట్టి పట్టా ఇవ్వడానికి పుట్టింది. పాఠం తర్వాత వచ్చి చేరింది, పరిశోధన ఆ తర్వాత. ఇప్పుడు వీటన్నిటి మీద ఇంకో పొర పేరుకుంది, దాని సంగతి చివర్లో చెప్తాను.

1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసుల్లో పెట్టిన మూడు యూనివర్సిటీలకూ నమూనా లండన్ యూనివర్సిటీ. అప్పట్లో లండన్‌ది పాఠాలు చెప్పే పని కాదు. ఎక్కడెక్కడో కాలేజీల్లో చదివినవాళ్లకు పరీక్ష పెట్టి, నెగ్గినవాళ్లకు డిగ్రీ ఇచ్చేది. మద్రాసూ అదే దారి పట్టింది. సరిగ్గా ఆ 1857లోనే విజయనగరంలో రాజావారు బడి పెట్టారు. 1879 నాటికి అది కాలేజీ అయింది. గురజాడ అప్పారావు ఈ మహారాజా కాలేజీలోనే చదివి 1886లో బీఏ అయ్యారు. తండ్రి పోయాక చేతిలో ఏమీ లేని కుర్రాడిని ప్రిన్సిపాల్ చంద్రశేఖర శాస్త్రి గారు ఇంట్లో పెట్టుకుని చదివించారు. పాఠం విజయనగరానిది, అన్నం ప్రిన్సిపాల్ గారిది, పట్టా మీద ముద్ర మాత్రం మద్రాసుది. యూనివర్సిటీకీ కాలేజీకీ తేడా ఏమిటంటే ఇదే.

తెలుగువాళ్లకు తమ సొంత యూనివర్సిటీ 1926లో వచ్చింది. ఆంధ్రా యూనివర్సిటీ మొదలైంది బెజవాడలో, వాల్తేరుకు మారింది 1930లో. కట్టమంచి రామలింగారెడ్డి మొదటి వైస్ ఛాన్సలర్ (వీసీ). అదీ మొదట్లో కాలేజీలకు పరీక్షలు పెట్టే యూనివర్సిటీయే. సొంతంగా డిపార్ట్‌మెంట్లు పెట్టి పాఠాలు చెప్పడం 1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్ వీసీగా వచ్చిన రోజుల నుంచి ఊపందుకుంది. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయలు ఇచ్చి నిలబెట్టబట్టి గానీ, లేకపోతే ఆ సైన్సు విభాగాలు అంత త్వరగా తలెత్తేవి కావు.

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కథ తిరగబడింది. ముందు పాఠం వచ్చింది, తర్వాత ముద్ర. ఎచ్చెర్లలో 1977 నుంచి ఉన్నది ఆంధ్రా యూనివర్సిటీ పీజీ సెంటర్. 2008లో అదే డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ యూనివర్సిటీ అయింది. విజయనగరంలో జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ 2007లో వచ్చింది, 2022లో జేఎన్‌టీయూ గురజాడ పేరుతో యూనివర్సిటీ అయింది. బోర్డు మారిన మర్నాడు ఏం మారింది? అవే గదులు, అవే బల్లలు, ఆ బోధకులే, అదే క్యాంటీన్ టీ. మారింది ఒక్కటే: పరీక్ష పెట్టే హక్కు వచ్చింది, చుట్టుపక్కల కాలేజీలు దాని కిందికి వచ్చాయి. కాలేజీ పరీక్ష రాయిస్తుంది, యూనివర్సిటీ పరీక్ష పెడుతుంది. ఆ రోజు బాబాయ్‌కి ఈ ఒక్క ముక్క చెప్పి ఉంటే సరిపోయేది. (విజయనగరంలో 2019లో వచ్చిన కేంద్రీయ గిరిజన యూనివర్సిటీ సంగతి వేరు. దాని డబ్బు ఢిల్లీ నుంచి వస్తుంది, కింద డిగ్రీ కాలేజీల మంద ఉండదు.)

ఇక పరీక్షల విభాగం లోపలికి వెళ్దాం. ఏ యూనివర్సిటీలోనైనా అసలు బరువంతా అక్కడే ఉంటుంది.

క్యాంపస్‌లో మన కళ్లకు కనపడేది పీజీ పిల్లలు. పరీక్షల విభాగానికి కనపడేది ఇచ్ఛాపురం నుంచి ఆమదాలవలస దాకా ఉన్న డిగ్రీ కాలేజీలన్నీ. ప్రతి కాలేజీ నుంచి అక్కడే వేసే ఇంటర్నల్ మార్కులు రావాలి, ప్రాక్టికల్ మార్కులు రావాలి, ఫీజు కట్టినవాళ్ల జాబితా రావాలి. ఒక కాలేజీవాళ్లు ఒక సబ్జెక్టు ఇంటర్నల్స్ ఎక్కించడం మర్చిపోతే చాలు, ఆ పిల్లలందరి రిజల్ట్ దగ్గరా 'విత్‌హెల్డ్' అని పడుతుంది. ఆ మాట చూసి కాపీ కొట్టాననుకున్నారేమో అని హడలిపోయి ఫోన్ చేసిన పిల్లలు నాకు తెలుసు. అది నేరం కాదమ్మా, మీ కాలేజీ ఆఫీసులో ఎవరో కంప్యూటర్ ముందు కూర్చోలేదంతే, అని చెప్పేసరికి అవతల ఏడుపు ఆగేది.

స్పాట్ వాల్యుయేషన్ చూడనివాళ్లకు చెప్తాను. పెద్ద హాలు. పొడుగు బల్లలు. పైన ఫ్యాన్లు. గోనెసంచుల్లోంచి తీసిన జవాబు పత్రాలు కట్టలు కట్టలుగా వస్తాయి. మొదటి పేజీలో హాల్ టికెట్ నంబరున్న ముక్క అప్పటికే చింపేసి, కోడ్ వేసి ఉంటారు. మా ముందుకు వచ్చేసరికి ఆ పేపరుకు ఊరూ పేరూ ఉండవు. టెక్కలి అమ్మాయో నరసన్నపేట అబ్బాయో తెలియదు. చేతిరాత తప్ప ఏ ఆనవాలూ లేదు. పక్కన 'స్కీమ్' ఉంటుంది: నిర్వచనానికి ఇన్ని, కారణాలకు ఇన్ని, ఉదాహరణకు ఇన్ని అని.

ఒకసారి ద్రవ్యోల్బణం ప్రశ్నకు ఒక పేపరులో నిర్వచనం సగమే ఉంది. కానీ కింద రాసిన ఉదాహరణ చూసి ఆగిపోయాను. అమ్మ చేపల తట్టతో ఊళ్లు తిరుగుతుందట. నిరుడు తీరంలో వేలంపాట పాడినప్పుడు ఎంతకు వచ్చిన కుప్ప ఈ ఏడు ఎంతకు వచ్చిందో, డీజిల్ ఎంత పెరిగిందో, ఆటోవాడు ఎంత పెంచాడో, చివరికి అమ్మ కొంగున మూట కట్టుకొచ్చే డబ్బు పెరిగినా ఇంట్లోకి వచ్చే బియ్యం ఎందుకు తగ్గిందో, ఒక పేజీలో రాసింది. రాసింది అమ్మాయే అని నా ఊహ. ఎకనామిక్స్ అంటే అదీ. స్కీమ్‌లో ఉదాహరణకు ఒక మార్కే ఉంది. నేను ఇవ్వగలిగినంత ఇచ్చాను. ఎంతో చెప్పను, చీఫ్ ఎగ్జామినర్ గారు ఈ వ్యాసం చదవొచ్చు.

ఈ కోడింగ్ వల్ల మేలు లేదనను. పేరు చూసి, కులం ఊహించి, మొహం గుర్తుపెట్టుకుని మార్కులు వేసే రోగానికి ఇదే మందు. కానీ మందుకూ ఖరీదు ఉంది. పాఠం చెప్పినవాడికి పేపరు కనపడదు, పేపరు దిద్దేవాడికి మనిషి కనపడడు. తప్పు ఎక్కడ చేశానో పిల్లలకు ఎవరూ చెప్పరు, అంకె మాత్రమే వస్తుంది. డిగ్రీలో మామూలుగా ఎక్స్‌టర్నల్‌కు 75, ఇంటర్నల్స్‌కు 25. ఆ 25 మార్కుల దగ్గరే గురువు, శిష్యుడు ఎదురెదురుగా కూర్చునే వీలుంది. దాన్ని చాలాచోట్ల మొక్కుబడి చేసేశారు, అందరికీ ఇరవై పైనే. పిల్లలు సంతోషిస్తారు, మాకు పని తగ్గుతుంది. సిగ్గుపడాల్సిన విషయమే, నేనూ అందులో ఉన్నాను.

సెమిస్టర్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. లెక్క ప్రకారం ఒక్కో సెమిస్టర్‌కు 90 పనిదినాలు ఉండాలి. పీజీ మొదటి సెమిస్టర్‌లో ఆ లెక్క పుస్తకంలోనే మిగిలిపోతుంది. 2021 నుంచి రాష్ట్రమంతటికీ కలిపి పీజీసెట్ అని ఒకే ప్రవేశ పరీక్ష పెడుతున్నారు. కాకినాడలో చదివిన అమ్మాయి ఎచ్చెర్లకూ, ఎచ్చెర్ల అబ్బాయి తిరుపతికీ ఒకే పరీక్షతో వెళ్లగలగడం మంచిదే. కానీ కౌన్సెలింగ్ విడతలు విడతలుగా సాగుతుంది. మొదటి విడతలో వచ్చినవాడు రెండు యూనిట్లు విన్నాక చివరి విడతవాడు బ్యాగు మోసుకుంటూ వస్తాడు. పాఠం మళ్లీ మొదలు పెట్టాలా, ముందుకు పోవాలా? నేను రెండూ చేసి చూశాను, ఎవరో ఒకరికి అన్యాయం జరుగుతూనే ఉంటుంది.

ఎదురుగా నిలబడి పాఠం చెప్పే మనిషి ఎవరన్నది పిల్లలకు తెలియాల్సిన రెండో సంగతి. క్లాసులో అందరూ 'సారే'. జీతాల రిజిస్టరులో మాత్రం ఎన్నో రకాలు. రెగ్యులర్ వాళ్లలో అసిస్టెంట్ ప్రొఫెసర్, అసోసియేట్ ప్రొఫెసర్, ప్రొఫెసర్. తర్వాత కాంట్రాక్టు వాళ్లు, ఆ తర్వాత గెస్టు ఫ్యాకల్టీ. యూనివర్సిటీలకు నిబంధనలు పెట్టే యూజీసీ 2018 నిబంధనల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వారానికి 16 గంటలు, పైవాళ్లకు 14 గంటలు పాఠం చెప్పాలని ఉంది. "వారానికి పదహారు గంటలేనా, మా బ్యాంకులో రెండు రోజుల పని" అని మా బావమరిది ప్రతి పండక్కీ ఎగతాళి చేస్తాడు. వాడికి కనిపించనిది మిగతాది. ప్రశ్నపత్రాలు తయారు చేయాలి, పేపర్లు దిద్దాలి, పరిశోధక విద్యార్థుల అధ్యాయాలు చదవాలి, హాస్టల్ వార్డెన్‌గా ఉండాలి, కాలేజీలకు గ్రేడులిచ్చే న్యాక్ బృందం వస్తుందంటే అయిదేళ్ల మీటింగుల ఫోటోలు వెతకాలి.

రెగ్యులర్ పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీ. ప్రొఫెసర్లు రిటైరవుతారు, కుర్చీ అలాగే ఉంటుంది. 2023 చివర్లో రాష్ట్రంలోని యూనివర్సిటీలన్నిటికీ కలిపి 3,220 పోస్టులకు నోటిఫికేషన్లు వచ్చాయి. మాలాంటివాళ్లం కాగితాలన్నీ సర్దుకుని, ఫీజులు కట్టాం. అది కోర్టు మెట్లెక్కి ఆగిపోయింది. అందుకే చాలా డిపార్ట్‌మెంట్లలో టైమ్‌టేబుల్‌ని మోసేది గెస్టులే. గెస్టుకు గంటకు 1,500, నెలకు 50,000 మించకుండా అని యూజీసీ 2019లో రాసింది. ఆ అంకె నా చేతికి ఎప్పుడూ రాలేదు. ఒక చోట ఐదు నెలల డబ్బులు ఒకేసారి ఇచ్చారు, అదీ సెమిస్టర్ అయిపోయాక. ఆ ఐదు నెలలూ స్కూటర్ పెట్రోలు మా ఆవిడ డ్వాక్రా లోనులోంచి వెళ్లింది. పోయిన సెమిస్టర్ మేడమ్ ఈ సెమిస్టర్ కనపడకపోవడానికి కారణం ఇప్పుడు అర్థమై ఉంటుంది. ఆవిడకు పాఠం చెప్పడం విసుగొచ్చి కాదు.

ఫైలు సంగతి తొందరగా చెప్పేస్తాను. రాష్ట్ర యూనివర్సిటీకి ఛాన్సలర్ గవర్నర్, నడిపేది వీసీ, కాగితాల మీద చివరి సంతకం రిజిస్ట్రార్‌ది. డిపార్ట్‌మెంట్‌లో హెచ్‌ఓడీ, బోర్డ్ ఆఫ్ స్టడీస్ చైర్మన్ అని ఇద్దరు ఉంటారు. చాలాసార్లు ఇద్దరూ వేర్వేరు మనుషులు. టైమ్‌టేబుల్, అటెండెన్స్, క్లాసులు హెచ్‌ఓడీ పని. సిలబస్, ఎగ్జామినర్ల జాబితా బోర్డు చైర్మన్ పని. ఒకరి దగ్గరికి వెళ్లాల్సిన కాగితం ఇంకొకరి బల్ల మీద పెట్టి వారం తిరిగిన పిల్లలు కోకొల్లలు. ఇద్దరికీ పడకపోతే మరీ ఇబ్బంది. ఆ విషయం అటెండర్‌ని అడిగితే ముందే చెప్తాడు.

బోర్డ్ ఆఫ్ స్టడీస్ అంటే ఏదో ఏడాదికోసారి జీడిపప్పు ఉప్మా తిని సంతకాలు పెట్టే మీటింగ్ అనుకుంటారు. పిల్లాడు ఏం చదవాలో, ఏ భాషలో రాయాలో తేల్చేది అదే. ఈ సంగతి మన జిల్లాల వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. 1911లో మద్రాసు యూనివర్సిటీ గురజాడను బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లోకి తీసుకుంది. పరీక్షల్లో పిల్లలు గ్రాంథికంలోనే రాయాలా, మాట్లాడే తెలుగుకు దగ్గరగా రాయొచ్చా అన్న గొడవ అప్పుడు నడుస్తోంది. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన, మన పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తిది అదే పోరు. ఎక్కువమంది గ్రాంథికం వైపు మొగ్గితే, గురజాడ 1914లో పేజీలకు పేజీలు తన అసమ్మతి పత్రం రాసిచ్చారు. ఆ గదిలో ఆయన నెగ్గలేదు. ఈ వ్యాసం మీరు ఏ తెలుగులో చదువుతున్నారో చూడండి, చివరికి ఎవరు నెగ్గారో తెలుస్తుంది.

గొడవ ఇప్పుడు వేరే రూపంలో ఉంది. 2021-22 నుంచి రాష్ట్రంలో డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియం. క్లాసులో నా పని ఎలా ఉంటుందంటే, పుస్తకం ఇంగ్లీషులో, వివరణ తెలుగులో, నోట్సు ఇంగ్లీషులో, అనుమానం శ్రీకాకుళంలో. 'మార్జినల్ యుటిలిటీ' అంటే మొహమొహాలు చూసుకుంటారు. "సంక్రాంతికి మొదటి అరిసె ఎలా ఉంది, ఆరో అరిసె ఎలా ఉంది?" అంటే వెనక బెంచీ కూడా నవ్వుతుంది. కానీ పరీక్షలో అరిసె రాయకూడదు. గైడులో ఉన్న నాలుగు ఇంగ్లీషు వాక్యాలే రాయాలి, అర్థం తెలిసినా తెలియకపోయినా. చేపల తట్ట పేపరు నాకు ఇంతకాలం గుర్తుండిపోవడానికి అదో కారణం. ఆ పిల్ల తప్పుల ఇంగ్లీషులోనే రాసింది, కానీ తన ఇంగ్లీషులో రాసింది.

పరిశోధన గురించి పిల్లలు అడిగితే ముందు గైడు గురించే, అంటే పరిశోధన చేయించే అధ్యాపకుడి గురించే చెప్తాను, టాపిక్ గురించి కాదు. ప్రొఫెసర్ దగ్గర ఒక సమయంలో ఎనిమిది మంది, అసోసియేట్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ ప్రొఫెసర్ దగ్గర నలుగురికి మించి పీహెచ్‌డీ విద్యార్థులు ఉండకూడదు. రెగ్యులర్ పోస్టులు నిండకపోతే గైడులూ ఉండరు, గైడు లేకపోతే సీటూ లేదు. పీహెచ్‌డీ ప్రవేశ పరీక్ష ఆర్‌సెట్‌లో మంచి ర్యాంకు వచ్చినా ఆ ఏడు మీ సబ్జెక్టులో ఖాళీ లేకపోవడానికి కారణం ఇదే. చేరాక కోర్సు వర్క్, ఏటా పురోగతి చెప్పుకోవాల్సిన కమిటీ, మూడేళ్లకు తక్కువ కాకుండా ఆరేళ్లకు మించకుండా గడువు, మహా అయితే ఇంకో రెండేళ్లు పొడిగింపు, ఆడవాళ్లకూ వికలాంగులకూ దాని పైన మరో రెండేళ్లు. యూజీసీ 2022 నిబంధనలు చెప్పేది అది.

డబ్బు సంగతి మొహమాటం లేకుండా చూసుకోవాలి. నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధనకు ఇచ్చే ఫెలోషిప్) కొట్టినవాడికి 2023 నుంచి నెలకు 37,000, తర్వాత సీనియర్ అయితే 42,000. కొట్టనివాడికి చాలావరకు ఏమీ లేదు. ఒకే గదిలో ఒకే గైడు కింద కూర్చున్న ఇద్దరిలో ఒకడు ఇంటికి డబ్బు పంపుతుంటాడు, ఇంకొకడు సాయంత్రం కోచింగ్ సెంటర్‌లో పాఠాలు చెప్పి మెస్ బిల్లు కడుతుంటాడు. నేను రెండోవాడిని. మా హాస్టల్ మెస్ డివైడింగ్ పద్ధతి. నెలంతా అయిన ఖర్చును అందరి హాజరుతో భాగించి తలా ఇంత అని బోర్డు మీద రాసేవారు. ఆ అంకె పడే రోజు, చికెన్ ఆదివారాలు ఎక్కువయ్యాయని పెద్ద చర్చ. సెమినార్లలో కూడా అంత వాదన నేను వినలేదు.

నా పని పలాస జీడి పరిశ్రమలో ఆడవాళ్ల కూలి మీద. మొదటి మూడు నెలలు ప్రశ్నావళి పట్టుకుని వెళ్లి, "మీ నెలసరి ఆదాయం ఎంత?" అని అడిగాను. ఒక్కరూ సరైన అంకె చెప్పలేదు. దాచడం కాదు, వాళ్ల లెక్క నెలల్లో లేదు. ఎన్ని కిలోల పిక్క కొడితే అంత. చేతులు జీడి సొనకు కాలి నల్లబడితే రెండు రోజులు సెలవు, ఆ రెండు రోజులకు కూలి లేదు. ఒకావిడ అరచేయి చాపి, "ఇది రాసుకో నాయనా" అంది. తిరిగొచ్చి ప్రశ్నావళి మొత్తం మార్చాను. నా థీసిస్‌లో పనికొచ్చే అధ్యాయం ఏదన్నా ఉంటే అదొక్కటే. మిగతావి కమిటీ కోసం రాసినవి.

జర్నళ్ల దందా గురించి రెండు ముక్కలు. 2010లో అధ్యాపకుల పదోన్నతికి ఏపీఐ అని పాయింట్ల లెక్క పెట్టారు. పేపరు అచ్చయితే ఇన్ని పాయింట్లు. పాయింటుకు విలువ వచ్చిందంటే దాన్ని అమ్మేవాడూ వస్తాడు. 'ఇంటర్నేషనల్' అని పేరున్న జర్నల్ ఒకటి నా దగ్గర ఫోన్‌పేలో డబ్బులు తీసుకుని నాలుగు రోజుల్లో పేపరు వేసింది. ఎవరూ చదివినట్టు లేదు, నా పేరులో ఒక అక్షరం కూడా తప్పు పడింది. ఆ బెడద ఆపడానికి యూజీసీ నమ్మదగిన జర్నళ్లతో 'కేర్' జాబితా తెచ్చింది, 2025లో దాన్నీ ఎత్తేసింది. థీసిస్ ఇచ్చే ముందు పేపర్లు అచ్చయి తీరాలన్న షరతు యూజీసీ 2022లోనే తీసేసింది. నాకు కాస్త ముందు తీసి ఉంటే డబ్బులు మిగిలేవి.

చివర్లో చెప్తానన్న నాలుగో పొర లైబ్రరీలో కనిపిస్తుంది. ఏ ప్రభుత్వ యూనివర్సిటీకైనా వెళ్లి ఉదయం తలుపులు తీసే వేళకు రీడింగ్ హాల్ దగ్గర నిలబడండి. అప్పటికే క్యూ ఉంటుంది. లోపల కుర్చీల మీద టవల్, నీళ్ల సీసా, అట్ట వేసిన పుస్తకం. ఆ అట్టల కింద ఎంఏ పుస్తకాలు తక్కువ. గ్రూప్-2, డీఎస్సీ, ఎస్సై, రైల్వే, బ్యాంకు. నా క్లాసులో ముప్పై మంది పేర్లుంటే రోజూ వచ్చేది పన్నెండు మంది. మిగతావాళ్లు ఎక్కడికీ పోలేదు, అదే క్యాంపస్‌లో రెండు వందల గజాల దూరంలో కూర్చుని కరెంట్ అఫైర్స్ చదువుతున్నారు.

సీనియర్ ప్రొఫెసర్లకు ఇది చూస్తే ఒళ్లు మండుతుంది. నాకు మండదు. బయట కోచింగ్‌కు శ్రీకాకుళంలోనో విశాఖలోనో గది అద్దె, తిండి, ఫీజు కలిపితే రైతు కూలి ఇంటికి అందే మాట కాదు. రెగ్యులర్ పీజీ సీటు అంటే తక్కువ ఫీజు, హాస్టల్ గది, లైబ్రరీ, బస్సు పాసు, రెండేళ్ల గడువు. పెళ్లి సంబంధాలు చూస్తున్న ఇంట్లో అమ్మాయికైతే ఆ రెండేళ్లు ఇంకా విలువైనవి. "పీజీ చదువుతోంది" అన్న మాట అడ్డు పెట్టుకుని డీఎస్సీకి చదివి టీచరైన ఆడపిల్లలు నా క్లాసుల్లోనే చాలామంది ఉన్నారు. యూనివర్సిటీ తన పుస్తకాల్లో ఎక్కడా రాసుకోని పని ఇది. దీన్ని ఎగవేత అంటే నేను ఒప్పుకోను.

కాకపోతే చేరే ముందు ఒకటి చూసుకోవాలి. ఒకే భవనంలో రెగ్యులర్ కోర్సూ, పిల్లల ఫీజుల మీదే నడిచే సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సూ పక్కపక్కనే నడుస్తాయి, ఫీజు మాత్రం ఒకటి కాదు. డిసెంబర్ 2020లో వచ్చిన జీవో 77తో ప్రైవేటు కాలేజీల్లో కొత్తగా పీజీలో చేరేవాళ్లకు ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆగిపోయినప్పుడు, ప్రభుత్వ క్యాంపస్ సీటు విలువ ఏమిటో చాలా ఇళ్లలో ఒక్కసారిగా తెలిసింది. అటెండెన్స్ 75 శాతం ఉండాలన్నది కూడా మర్చిపోకూడదు. 65 దాటితే కండొనేషన్ ఫీజు కట్టి బయటపడొచ్చు. దానికి కింద ఉంటే లైబ్రరీలో ఎంత చదివినా హాల్ టికెట్ రాదు.

ఆ మందస అమ్మాయి ఇప్పుడు రెండో సెమిస్టర్. మొన్న ఫోన్ చేసి, "సార్, డిగ్రీ ఓడీ ఇప్పుడే తీసుకోవాలా, ప్రొవిజనల్ ఉంది కదా?" అని అడిగింది. ఓడీ అంటే ఒరిజినల్ డిగ్రీ. ఇప్పుడే తీసుకోమన్నాను. నేను పీజీ అయ్యాక ప్రొవిజనల్‌తోనే పదకొండేళ్లు నెట్టుకొచ్చాను. ఒక ఉద్యోగానికి సర్టిఫికెట్ వెరిఫికేషన్‌కు పిలిస్తే ఒరిజినల్ డిగ్రీ కావాలన్నారు. నేను చదివిన యూనివర్సిటీకి పరిగెత్తాను. నాకు మైక్రో ఎకనామిక్స్ చెప్పిన ప్రొఫెసర్ గారు రిటైరై పోయారు. డిపార్ట్‌మెంట్‌లో నన్ను గుర్తుపట్టేవాళ్లు ఎవరూ లేరు, అటెండర్ కూడా కొత్తవాడు. పరీక్షల విభాగంలో మూడో కౌంటర్ దగ్గర గంటన్నర నిలబడ్డాను. లోపలాయన కళ్లజోడు పైకి నెట్టి నా దరఖాస్తు చూశాడు. ఏ సబ్జెక్టు అనలేదు, ఎవరి దగ్గర చదివావు అనలేదు.

"హాల్ టికెట్ నంబరు గుర్తుందా?" అన్నాడు.

చెప్పాను. బీరువాలోంచి ఎర్ర అట్ట రిజిస్టరు తీసి, దుమ్ము దులిపి, వేలితో వరస వెంట కిందికి జరుపుకుంటూ వచ్చి ఒకచోట ఆపాడు.

"ఇక్కడున్నావు" అన్నాడు.